రోజు మనదొక్కరిదేనా?

జూన్‌లో బడులు తెరిచిన వారం ఆశ్రమ పాఠశాల గేటు దగ్గర ప్రతి ఏడూ జరిగేదే ఆ ఏడూ జరిగింది. మూడో తరగతిలో చేర్చడానికి తెచ్చిన ఒక పాప తల్లి కొంగు వదల్లేదు. అవతల ఆటో డ్రైవరు హారన్ కొడుతున్నాడు. తల్లి ఒక్కొక్క వేలూ విప్పి, కొంగు లాక్కుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. పాప గేటు ఊచలు పట్టుకుని ఏడ్చింది. మాలో ఒక టీచరు ఆ ఏడుపును ఫోటో తీశాడు. అతను అప్పటికి రెండేళ్లుగా రోజూ ఫేస్‌బుక్‌లో తన డైరీ రాస్తున్నాడు. ఆ రాత్రి ఆ ఫోటో కింద పది వాక్యాలు రాశాడు. బాగా రాశాడు. చిన్నప్పుడు తననూ వాళ్లమ్మ అలాగే వదిలి వెళ్లిన సంగతి రాశాడు. మేమంతా చదివి కళ్లు తుడుచుకున్నాం. లైకులు కొట్టాం, మా స్నేహితులకూ పంపించాం. హైదరాబాదు నుంచి ఎవరో పాపకు బ్యాగూ పుస్తకాలూ పంపుతామన్నారు.

నెలన్నర తర్వాత సీతంపేట సోమవారం సంతలో ఆ పాప తండ్రి ఎదురుపడ్డాడు. కొండచీపుర్ల కట్టలు అమ్మకానికి తెచ్చాడు. ఆ రోజు మేం ముగ్గురం ఉన్నాం. ఫోటో తీసిన టీచరు కూడా ఉన్నాడు.

"మా గుంట ఏడిసిన ఫొటో పాలకొండలో ఎవులో నాకు సూపించినారు మాస్టారూ," అన్నాడు. కోపంగా అనలేదు. "ఏడుపు దానిది. మీకెవులిచ్చినారది?"

"మంచి మాటలే రాశాను బావా," అన్నాడు మావాడు.

"మంచికే రాసినారేమో. నాకు సదువు రాదు. మంచో సెడ్డో నానెలాగ తెలుసుకుంటాను?"

చీపుర్ల బేరం వచ్చింది, ఆయన అటు తిరిగాడు. మేం అక్కడే నిలబడిపోయాం. తర్వాత చాలా రోజులు స్టాఫ్ రూములో మా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఈ వ్యాసం ఆ మాటల్లోంచి వచ్చిందే. ఫోటో తీసింది ఒకడే అయినా తప్పు ఒకడిది కాదు. మెచ్చుకున్నది మేమందరం.

అసలు మేం డైరీలు ఎందుకు మొదలుపెట్టామో ముందు చెప్పాలి. కారణం చెడ్డది కాదు. మా కొండల మీదికి పత్రికలవాళ్లు జ్వరాలొస్తే వస్తారు, ఏనుగులు దిగితే వస్తారు, డోలీ కట్టి ఎవరినైనా మోసుకొస్తే వస్తారు. మిగిలిన రోజులన్నీ ఎవరికీ అక్కర్లేదు. కందికొత్తల పండగ నాడు ఇంటింటా ఉడికే కందుల వాసన ఏ పేపర్లోనూ ఎక్కదు. ఇంట్లో సవర తప్ప మరో మాట వినని పిల్ల మొదటిసారి తెలుగు పాఠం తడుముకోకుండా చదివితే, ఆ రోజు ఆ బడికి ఎంత పెద్దదో బయటివాళ్లకు తెలియదు. మా 2022 ముందరి శ్రీకాకుళం, విజయనగరం కొండలూ, ఇప్పటి పార్వతీపురం మన్యం కొండలూ జిల్లా పేరు మారినా అవే కొండలు. వాటి సంగతులు మేమే రాసుకుందాం అనుకున్నాం. సిగ్నలు దొరికే బండరాయి ఒకటి ఉంటుంది ప్రతి ఊరికీ. సాయంత్రం దాని మీద కూర్చుని ఆ రోజును పైకి పంపేవాళ్లం. ఆ సరదా అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఫోటో అలవాటు మాత్రం ఉద్యోగంతో వచ్చింది. హాజరుకు ఫోటో, భోజనానికి ఫోటో, మరుగుదొడ్డికి ఫోటో. తీయకపోతే పని జరగనట్టే లెక్క. రోజంతా పిల్లల ముఖాల మీద ఫోన్ ఎత్తి ఎత్తి, సాయంత్రం సొంత డైరీకి ఎత్తినప్పుడు అది వేరే పని అనిపించడం మానేసింది.

మన గురించి రోజువారీ పుస్తకం రాయడం మనతో మొదలవలేదు. మా తాతల కాలంలో కొండకు వచ్చిన మొదటి డైరీ సావుకారి చిట్టా. చింతపండు ఎంత, పసుపు ఎంత, ఉప్పుకు ఎంత పోయింది, బాకీ ఎంత మిగిలింది అన్నీ తేదీలతో రాసేవాడు. వేలిముద్ర మనది, రాత వాడిది. అందులో ఏముందో చదవలేని మనిషి పొలం పోయాక గాని తెలుసుకోలేదు. గిరిజన భూముల బదలాయింపుపై 1959లో నిబంధన తెచ్చి, దాన్ని 1970లో గట్టి చేయాల్సి వచ్చిందంటే ఆ చిట్టాలు ఎంత పని చేశాయో అర్థం చేసుకోవచ్చు. ఇప్పటికీ మా ముసలివాళ్లలో కొందరు పేరు రాసుకుంటామంటే "ఎందుకు?" అని అడుగుతారు. చదువుకున్నవాళ్లం నవ్వుతాం. నవ్వవలసింది కాదు.

తర్వాత టీటీసీలో మేమే రాశాం. కేస్ స్టడీ అని ఒక రికార్డు ఉండేది. ఒక పిల్లవాణ్ని ఎంచుకుని, తండ్రి ఏం చేస్తాడు, తాగుతాడా, ఇంట్లో పళ్లేలెన్ని, వెనుకబాటుకు కారణమేమిటి అని రాయాలి. మార్కుల కోసం ఒకరి రికార్డు చూసి ఒకరం రాసుకున్నాం. ఆ పిల్లవాడి తండ్రి తాగుతాడన్న వాక్యం అలా ఎన్ని రికార్డుల్లోకి ఎక్కిందో! మేం ఆదివాసీలమై ఉండి, మా పిల్లవాణ్ని సావుకారి కంటితో చూసి రాయడం అక్కడే నేర్చుకున్నామేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ప్రపంచంలో ఇంకా పెద్దవాళ్లూ ఈ పని చేశారు. మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి అక్కడి ఆదివాసుల జీవితం మీద పేరుమోసిన పుస్తకాలు రాశాడు. ఆ పుస్తకాల్లో వాళ్లంటే గౌరవం కనిపిస్తుంది. 1942లో చనిపోయాడు. 1967లో ఆయన భార్య ఆయన సొంత డైరీని అచ్చువేసింది. అందులో అదే మనుషుల మీద విసుగు, చీదరింపు, తిట్లు ఉన్నాయి. చదివినవాళ్లు నివ్వెరపోయారు. డైరీలో మనిషి నిజం చెబుతాడంటారు. నిజమే కావచ్చు, కాని ఆ నిజం ఎవరి మీద పడిందో వాళ్లకు జవాబు చెప్పుకునే చోటు ఆ డైరీలో ఎక్కడుంది?

దీనికి ఎదురుగా మన దగ్గరి మనిషినే నిలబెట్టవచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండగా సవరల గురించి రాయాలని కాదు, సవరలతో మాట్లాడాలని మొదలుపెట్టారు. సవర మనుషుల్ని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల మాటలో చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. ముందు వినడానికి ఏళ్లు పట్టింది, రాయడం ఆ తర్వాత. మేం పది నిమిషాల్లో విని, రెండు నిమిషాల్లో రాసి, క్షణంలో పంపుతున్నాం.

ఆయనతో కలిసి చదువుకున్న గురజాడ అప్పారావుగారు విజయనగరంలో డైరీలు రాసుకున్నారు. ఇంగ్లీషులో రాసుకున్నారు. ఆయన 1915లో పోయారు. ఆ డైరీలు అచ్చులోకి వచ్చింది ఎన్నో ఏళ్ల తర్వాత. అప్పటికి వాటిలోని మనుషుల్లో ఎక్కువమంది లేరు. కాగితం డైరీకీ ఫోన్ డైరీకీ ఉన్న తేడా ఇదే అని మాకు తోచింది. రాయడానికీ చదవడానికీ మధ్య కాగితం ఒక కాలాన్ని పెట్టేది. ఆ కాలమే సగం బాధ్యత మోసేది. కోపం చల్లారేది, పిల్ల పెద్దదయ్యేది, తాళం చెవి పోయేది, చెదలు కూడా కొంత తినేవి. ఇప్పుడు అదేమీ లేదు. ఆ బరువంతా రాసేవాడి మీదే పడింది. మేం దాన్ని గమనించలేదు.

డైరీ అంటే నా రోజు, నా ఇష్టం అనుకుంటాం. కాని టీచరు రోజులో టీచరు ఎంత? పొద్దున్నే పిల్లలు, మధ్యాహ్నం వంటమనిషి, సాయంత్రం జ్వరంతో పడుకున్న పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన మేనమామ. వాళ్లను తీసేస్తే ఆ రోజులో మిగిలేది మా స్నానమూ నిద్రా. రోజు మనదే అయినా మనదొక్కరిదే కాదు. పక్కవాడి పొలం గట్టు దాటి దున్నితే ఊరు ఊరుకోదు. పక్కవాడి రోజు దాటి రాస్తే అడిగేవాడే లేడు.

ఈ మాట మీద మాలో ఒక అక్క ఇంకో మాట అంది. అది మమ్మల్ని ఎక్కువ పొడిచింది. "పై ఆఫీసరు గురించి ఎప్పుడైనా రాశారా?" అని అడిగింది. రాయలేదు. ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964 ఉంది. ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించకూడదు. తనిఖీకి వచ్చినాయన ఎలా మాట్లాడినా, ఆ రోజు డైరీలో "ఈ రోజు మేడమ్ గారు / సార్ గారు మా బడిని సందర్శించారు" అనే ఉంటుంది, శాలువా ఫోటోతో సహా. పైవాళ్ల గురించి రాసేటప్పుడు పదిసార్లు చూసుకున్నాం. పేరు రాయాలా, ఫోటో పెట్టాలా, ఎవరు చూస్తారు, రేపు ఏమవుతుంది అని. ఈ జాగ్రత్తలన్నీ మాకు వచ్చు. వచ్చీ, చీపుర్లు అమ్ముకునే మనిషి పిల్ల దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ వాడలేదు. ఆయన మమ్మల్ని బదిలీ చేయించలేడు కదా.

మా వాదన ఇక్కడితో తేలికగా తేలిపోతే బాగుండేది. తేలలేదు. డోలీ ఉంది.

2018 సెప్టెంబరులో విజయనగరం జిల్లా కొండల్లో ఒక గర్భిణిని కర్రకు కట్టిన మోతలో ఆసుపత్రికి మోసుకెళ్తుంటే దారిలోనే, అడవిలో, ప్రసవం అయింది. ఊరివాళ్లలో ఒకరు ఫోన్‌లో వీడియో తీశారు. అది దేశమంతా తిరిగింది. టీవీల్లో వచ్చింది. రోడ్డు లేకపోవడమంటే ఏమిటో అర్జీల్లో చెప్పినా వినని చెవులు ఆ రోజు విన్నాయి. తీసినవాడు బయటివాడు కాదు, ఊరివాడే. అతను చేసింది తప్పని మాలో ఎవరమూ అనలేకపోయాం. కాని ఆ తల్లి? ప్రసవం అంటే మా ఇళ్లలో మగవాళ్లు దగ్గరికి రాని సమయం. ఆమె నొప్పులు లక్షల మంది చూశారు. ఆ బిడ్డ రేపు చదువుకుంటుంది, ఫోన్ పడుతుంది, తన పుట్టుకను తానే చూస్తుంది.

దీనిమీద మేం రెండుగా చీలాం. చూపకపోతే రోడ్డు రాదు, సిగ్గు కన్నా ప్రాణం పెద్దది అని కొందరు. రోడ్డు ఇవ్వాల్సినవాళ్ల సిగ్గు కోసం మన ఆడవాళ్ల సిగ్గు ఎందుకు ఖర్చు పెట్టాలి అని కొందరు. చాలాసేపు వాదించుకున్నాక ఒకచోట కలిశాం. మోస్తున్నవాళ్ల కాళ్లు చూపవచ్చు. దాటుతున్న గెడ్డ చూపవచ్చు. ఎన్ని గంటలు పట్టిందో, రోడ్డు ఎక్కడ ఆగిపోయిందో చూపవచ్చు. ఆమె ముఖం లేకపోయినా దారి కష్టం తగ్గదు. రోడ్డు లేదన్న నిజానికి ఆమె ఒంటి నిజం అక్కర్లేదు. అలా చూపితే జనం అంతగా కదలకపోవచ్చు. అది మాకు తెలుసు. ఆ నష్టం కొంత భరించాలి అని మాలో ఎక్కువమంది అన్నారు. ఒప్పుకోనివాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల మాట పూర్తిగా కొట్టేయలేం.

సరే, అడిగి రాస్తే పోలేదా అంటారు. మేమూ ముందు అదే అనుకున్నాం. అడగడం మొదలుపెట్టాం కూడా. ఎవరిని అడిగినా "మీ ఇష్టం మాస్టారూ" అన్నారు. ఒక్కరూ వద్దనలేదు. అదే అనుమానం కలిగించింది. పిల్ల మా చేతిలో ఉంది. పిల్ల అన్నం, చదువు, జ్వరం మా చేతిలో ఉన్నాయి. మా మాటకు ఎదురు చెప్పలేనివాళ్లు ఇచ్చిన "సరే"కు విలువెంత? సావుకారి పుస్తకంలో వేలిముద్ర వేసినవాడూ సరే అనే వేశాడు.

చట్టం ఏమంటుందో చూశాం. ఏకాంతం ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. కాని మనిషి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. తన సంగతి తానే అందరి ముందూ పెట్టుకున్నవాడికీ వర్తించదు. అందరికీ తెరిచిపెట్టిన డైరీ ఇంటి అవసరమేనా అన్నది లాయర్లు తేల్చుకోవాలి. లైంగిక దాడికి గురైన బిడ్డ ఎవరో తెలిసేలా బయటపెడితే మాత్రం 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం. హాస్టళ్లలో పనిచేసేవాళ్లం అది మరవకూడదు. ఊరి పేరు, తరగతి, తండ్రి పని చెప్పి పేరొక్కటి దాచితే దాచినట్టు కాదు. మా ఊళ్లలో ముప్పై గడపలుంటాయి. మిగిలిన రోజుల సంగతి చట్టం మా మనసుకే వదిలేసింది.

అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. అనుమతి అడగడం కాదు, చదివి వినిపించడం. ఎవరి గురించి రాశామో వాళ్ల భాషలో, సవరైతే సవరలో, రాసింది మొత్తం వినిపించాలి. ఫోటో ఉంటే చూపించాలి. ఎవరెవరు చూస్తారో చెప్పాలి. విన్నాక మనిషి ఊరికే సరే అనడు. "అది తీసెయ్" అంటాడు, "అలా కాదు, ఇలా జరిగింది" అంటాడు. ఒక అవ్వ తన గురించి రాసింది విని, తన పసుపు తోట సంగతి రాయలేదని కోప్పడింది. అది చేర్చాం. ఇలా చేస్తే రోజూ రాయడం కుదరదు. వారానికొకటి, నెలకొకటి అయింది. నష్టమేమీ కనిపించలేదు. లైకులు తగ్గాయి, అంతే.

మా సంగతులే రాసుకుందాం అని ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు. అందులో వేరే గుంట ఉంది. "ఈ రోజూ రెండు గెడ్డలు దాటి బడికి చేరుకున్నాను" అని ఫోటో. మర్నాడు అదే గెడ్డ, అదే ఫోటో. పిల్లలు రోజూ దాటేదే అది, వాళ్లకు చప్పట్లు లేవు. మా గొప్ప రాసుకోవడం తేలిక. మా తప్పు రాసుకోవడానికి చెయ్యి రాదు. గేటు దగ్గర ఏడుస్తున్న పాపను ఎత్తుకోకుండా ముందు ఫోన్ ఎందుకు తీశానా అన్న వాక్యం ఆ రోజు ఆ డైరీలో ఉంటే, ఫోటో అక్కర్లేకపోయేది.

ఇంకొకటి, మరుపు. మా ఊళ్లో తగువు వస్తే పెద్దలు కూర్చుంటారు, తప్పు కడతారు, కలిసి తాగుతారు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తినవాడిదే తప్పు. ఫోన్ అలా ఊరుకోదు. "ఐదేళ్ల కిందట ఈ రోజు" అని తానే ఎత్తుతుంది. వాట్సాప్ స్టేటస్ ఇరవైనాలుగు గంటల్లో పోతుందంటారు. దాన్ని ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకుంటే పోయేదేమిటి? ఆ పాప ఏడుపు ఫోటో మావాడు మర్నాడే తీసేశాడు. మేం పంపించినవి మేమూ తీసేశాం. హైదరాబాదు ఆయన దగ్గర ఉందో లేదో తెలియదు. అడిగితే "ఇంత మంచి ఫోటో ఎందుకు తీసేయడం?" అన్నాడు.

సవర ఇళ్లలో దేవతలకు వేసే బొమ్మలు లోపలి గోడ మీద ఉంటాయి. కొండ, మనుషులు, ఏనుగు, చెట్టు, ఇప్పుడైతే బస్సూ ఉంటాయి. ఆ ఇంటి కష్టం, ఆ ఇంటి మొక్కు ఆ గోడ మీదే ఉంటాయి. చూడాలంటే వంగి గుమ్మం దాటి లోపలికి రావాలి, ఇంటివాళ్లు రమ్మనాలి. ఆ బొమ్మలు ఇప్పుడు గుడ్డల మీదా, సంచుల మీదా వచ్చాయి. వేసేవాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి, మంచిదే. అమ్మేది వేరే వేస్తారు. ఇంటి గోడ మీది బొమ్మ గోడ మీదే ఉంటుంది.

ఈ వ్యాసం రాయాలనుకున్నప్పుడు పాప తండ్రి దగ్గరికి వెళ్లాం. పాప ఇప్పుడు ఏడో తరగతి. "పేరెట్టకండి, ఊరెట్టకండి. రాసిందేదో ఓపాలి ఇనిపించండి," అన్నాడు ఆయన. రాశాక వెళ్లి, ఇంటి అరుగు మీద కూర్చుని, సవరలో చెబుతూ చదివాం. పాప గుమ్మంలో నిలబడి వింది. తల్లి కొంగు దగ్గర నవ్వింది. తండ్రి రెండు మార్పులు చెప్పాడు. చీపుర్ల ధర మేం తప్పు రాశాం, దాన్ని తీసేశాం. రెండోది ఆయన ఆ రోజు సంతలో మాతో అన్న ఇంకో మాట. అది కోపంలో అన్నానని, ఉంచొద్దని అన్నాడు. అది ఇక్కడ లేదు.